బతుకమ్మ సెలవుల్లో 3000 మాటల వ్యాసం, టైం ఎట్ల సర్దుకోవాలి?

పరకాల_తంగేడు | శనివారం రాత్రి 11:42

అందరికీ నమస్తే. నేను ఎం.ఏ. హిస్టరీ సెకండియర్, హన్మకొండలో హాస్టల్, ఇల్లు పరకాల దగ్గర పల్లె. కాకతీయుల చెరువుల మీద 3000 మాటల వ్యాసం ఇవ్వాలి. దసరా సెలవులయ్యాక సోమవారం నాడు గడువు, ఇవ్వాళ్టి నుంచి సరిగ్గా 16 రోజులు. ఇంటర్నల్స్‌లో 20 మార్కులు దీనికే.

పోయిన సెమిస్టర్‌లో కూడా ఇట్లనే బోలెడు రోజులున్నాయి కదా అనుకున్నా. ఆఖరి రాత్రి రెండున్నర దాకా రాసి, పొద్దున టైపింగ్ సెంటర్‌కు ఉరికితే నా ముందు పదకొండు మంది నిలబడి ఉన్నారు. 20కి 9 వచ్చాయి. మేడం కింద ఒకటే ముక్క రాసింది, "సగం నుంచి వ్యాసం పరుగెత్తింది" అని. నిజమే, పరుగెత్తింది నేనే కదా.

ఈసారి అట్ల కావద్దని మూడు రోజుల కిందనే మొదలుపెట్టా. నోట్స్ 40 పేజీలైంది, వ్యాసం మాత్రం ఒక్క వాక్యం లేదు. రేపు పెత్రమాస, ఎంగిలిపూల బతుకమ్మ, ఊరికి పోతున్నా. కూర్చుంటే రాయడానికి 12 గంటలు చాలనిపిస్తుంది, కానీ ఆ 12 గంటలు ఎప్పుడూ దొరకవు. మీరంతా ఎట్ల చేస్తారు?

రాత్రిగువ్వ | శనివారం రాత్రి 11:58

16 రోజులుంటే 15 రోజులు బతుకమ్మ ఆడు చెల్లె, 16వ రోజు రాయి. నేను డిగ్రీ, పీజీ అంతా ఆఖరి రాత్రి మీదనే గట్టెక్కినోణ్ని. గడువు నెత్తి మీదికి వస్తేనే చెయ్యి కదులుతుంది, ముందే కూర్చుంటే కిటికీలోంచి చూసుడే.

కాజీపేట_జంక్షన్ | ఆదివారం ఉదయం 5:20

నైట్ డ్యూటీ దిగి చూస్తున్నా. రాత్రిగువ్వ తమ్మీ, నీ పద్ధతి పెళ్లి కాని మనిషికి నడుస్తుంది. నేను రైల్వేలో పనిచేస్తూ దూరవిద్యలో ఎం.ఏ. చేశాను, ఇద్దరు పిల్లలు. ఒకసారి ఆఖరి రోజు మీదనే భరోసా పెట్టుకుంటే ఆ రోజే చిన్నోనికి 103 జ్వరం. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని మోకాలి మీద ప్యాడ్ పెట్టుకుని రాసిన ఆ అసైన్‌మెంటు ఇప్పటికీ ఇంట్లో ఉంది, చూస్తే నవ్వొస్తుంది, అక్షరాలన్నీ కొండెక్కుతున్నట్టుంటాయి. గడువు రోజు మనది అనుకోవద్దు, అది ఇంటిది, కరెంటుది, నెట్టుది.

అమ్మా తంగేడు, ముందు ఒకటి చెప్పు. ఆ 12 గంటలు అనే లెక్క ఎక్కడిది?

పరకాల_తంగేడు | ఆదివారం ఉదయం 8:05

గంటకు 250 మాటలు రాస్తా అన్నా, 3000ను 250తో భాగిస్తే 12. అంతే.

భీమారం_బైకు | ఆదివారం ఉదయం 9:31

ఇక్కడే తప్పిపోయింది. అది కేవలం చేతితో రాసే టైం. చదివేది, ఏరేది, కొట్టేసి మళ్లీ రాసేది, టైపు, ఫుట్‌నోట్లు, ప్రింటు, ఇవన్నీ ఏ ఖాతాలో వేశావు?

నేను ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, ఈ విషయంలో నేనూ బాధితుణ్నే కాబట్టి కొంచెం చదివాను. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే ముగ్గురు సైకాలజీ పరిశోధకులు, ఆఖరి సంవత్సరం థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో అయిపోతుందని అడిగారు. సగటున 33.9 రోజులు అన్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుంది అంటే 48.6 అన్నారు. అసలు పట్టింది 55.5 రోజులు! అంటే తాము ఊహించిన గండం కన్నా ఇంకో వారం ఎక్కువే. చెప్పిన రోజుకల్లా ముగించింది పదిమందిలో ముగ్గురే. ఈ జబ్బుకు కానెమన్, ట్వెర్‌స్కీ అనే సైకాలజిస్టులు 1979లోనే ప్లానింగ్ ఫాలసీ, అంటే ప్లాను వేసేటప్పటి భ్రమ, అని పేరు పెట్టారు. మనం ముందున్న పనిని ఊహించుకుంటాం కానీ ఇట్లాంటి పని పోయినసారి ఎంత పట్టిందో గుర్తు తెచ్చుకోము, గుర్తొచ్చినా "అప్పుడు వేరే, అప్పుడు జ్వరం వచ్చింది" అని పక్కకు పెడతాం. నీ 12ను కనీసం రెండుంపావుతో గుణించు, ఎక్కువైతే పండుగ చేసుకో.

పరకాల_తంగేడు | ఆదివారం ఉదయం 9:50

అంటే 27 గంటలు!! అన్నా, టెన్షన్ తగ్గించమంటే పెంచుతున్నావు.

సుబేదారి_అక్క | ఆదివారం మధ్యాహ్నం 2:14

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తా, ఏటా ఒక వంద వ్యాసాలు దిద్దుతా. అందుకని దిద్దే వైపు నుంచి మాట్లాడతా, కొంచెం పొడుగైతే ఏమనుకోవద్దు.

"కాకతీయుల చెరువులు" అనేది శీర్షిక, ప్రశ్న కాదమ్మా. ప్రశ్న లేకుండా చదవడానికి కూర్చుంటే అంతు ఉండదు, ఎందుకంటే ఏ పేజీ చూసినా పనికొచ్చేటట్టే కనబడుతుంది. నీ 40 పేజీల నోట్సులో రామప్ప గుడి ఎన్ని పేజీలు? నిజం చెప్పు. నీళ్లలో తేలే ఇటుకలు, 2021లో యునెస్కో గుర్తింపు, మదనికల శిల్పాలు, అన్నీ రాసి ఉంటావు. ఎంతో బాగుంటాయి, కానీ నీది చెరువు కదా. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు గుడితోపాటు అక్కడ చెరువు తవ్వించిన సంగతి మటుకు నీకు కావాలి, 1213 శాసనం కావాలి, ఇటుకలు వద్దు.

ఇవ్వాళ సాయంత్రంలోపు ఒక్క ప్రశ్న రాసుకో, చివర ప్రశ్నార్థకం ఉండాలి. ఆ తర్వాత పుస్తకాలన్నీ మూసేసి, గుర్తున్నంత మటుకే, తప్పో ఒప్పో, రెండు పేజీలు గీకు. తేదీ గుర్తులేకపోతే ఖాళీ గీత పెట్టి ముందుకు పో. ఆ ఖాళీలే నువ్వు ఇంకా చదవాల్సినవి, వాటికే పుస్తకం తెరువు. నా దగ్గరికి వచ్చే వ్యాసాల్లో మొదటి నాలుగు పేజీలు రాజవంశావళి, ఆఖరి అరపేజీలో అసలు విషయం ఉంటుంది. ఎందుకంటే వాళ్లకు తాము ఏం చెప్పాలో తెలిసేసరికి రాత్రి రెండవుతుంది, కాగితాలు అయిపోతాయి. మీ మేడం అన్న "పరుగెత్తింది" అదే.

పరకాల_తంగేడు | ఆదివారం మధ్యాహ్నం 2:40

రామప్ప 17 పేజీలు 🙈 అందులో ఇటుకలే మూడు. యూట్యూబ్‌లో ఒక వీడియో నుంచి ఇంకో వీడియోకు పోయి ఒక రోజంతా అక్కడే అయిపోయింది.

పాకాల_గాలి | ఆదివారం సాయంత్రం 4:02

మాది నర్సంపేట దిక్కు. మా తాత నీరటి. చెరువు తూము తీసేది, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పోవాలో చూసేది ఆయన పని, దానికి కోతప్పుడు కల్లం దగ్గర గింజలు ఇచ్చేవాళ్లు. చెరువు కట్టించింది రాజు, సామంతుడు అని అందరూ రాస్తారు. పాకాల చెరువు అంటే గణపతిదేవుని కాలం, కట్టించింది జగదాల ముమ్మడి, అక్కడితో అయిపోయిందంటారు. కట్టిన తర్వాత ఎనిమిది వందల ఏండ్లు దాన్ని ఎవరు చూసుకున్నారు? గండి పడితే ఎవరు పూడ్చారు? నాకైతే అది చదవాలని ఉంటుంది. వ్యాసం సంగతి నాకు తెల్వది చెల్లె, నేను రైతును.

సుబేదారి_అక్క | ఆదివారం సాయంత్రం 4:30

ఇదిగో, ప్రశ్న ఇంటికి నడిచొచ్చింది. "కాకతీయుల కాలంలో చెరువు కట్టినాక దాని బాగోగులకు ఖర్చు ఎట్ల వచ్చేది?" శాసనాల్లో దశబంధం అని వస్తుంది చూడు, చెరువు తవ్వినవాళ్లకు, బాగుచేసినవాళ్లకు పంటలో పదో వంతు లెక్కన ఇచ్చేది. దాన్ని పట్టుకో. 3000 మాటలకు ఇదే ఎక్కువ. పాకాల అన్నకు ఫుట్‌నోట్‌లో కృతజ్ఞత చెప్పడం మర్చిపోకు.

గ్రూప్స్_గోస | ఆదివారం రాత్రి 9:12

గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్నా, వ్యాసం అంటే మాకు రోజూ ఉండే గోస. జనరల్ ఎస్సే పేపర్‌లో 3 గంటల్లో 3 వ్యాసాలు, 150 మార్కులు. అంటే ఒక్కో దానికి గంట. నేను మొదటి 10 నిమిషాలు పెన్ను ముట్టకుండా ఆలోచన, రఫ్‌లో ఏడెనిమిది ముక్కలు, తర్వాత 45 నిమిషాలు రాయడం, మిగిలిన 5 నిమిషాలు చూసుకోవడం. గంట కొడితే వాక్యం మధ్యలో ఉన్నా రెండో వ్యాసానికి పోతా, ఎందుకంటే మూడోది రాయకపోతే మొదటిది ఎంత బాగున్నా దండగ.

నువ్వు కూడా ఫోన్‌లో 25 నిమిషాలు అలారం పెట్టుకుని రాయి, 5 నిమిషాలు లే, మళ్లీ కూర్చో. పోమోడోరో అంటారు, ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ ఆయన తాను చదువుకునే రోజుల్లో వంటింట్లో వాడే టమాటా ఆకారం టైమర్‌తో మొదలుపెట్టాడు. ఇటలీ భాషలో టమాటాను పోమోడోరో అనే అంటారట.

భీమారం_బైకు | ఆదివారం రాత్రి 9:40

చిన్న మాట. పరీక్షలో తెలిసింది రాస్తాం, అసైన్‌మెంట్‌లో రాస్తూ రాస్తూ తెలుసుకుంటాం. ఆ గంట లెక్క ఇక్కడ సరిపోదు. 25 నిమిషాలు కూడా శాసనం పాఠం చదివేటప్పుడు నాకు పనికిరాలేదు, అప్పుడే తలకెక్కుతుంటే అలారం మోగుతుంది. ఫుట్‌నోట్లు, టైపు, ముందుమాట లాంటి విసుగు పనులకు మటుకు బాగా పనిచేస్తుంది.

గ్రూప్స్_గోస | ఆదివారం రాత్రి 9:44

ఒప్పుకుంటా. విసుగు పనులే నాకు ఎక్కువ మరి.

కాజీపేట_జంక్షన్ | సోమవారం మధ్యాహ్నం 1:15

డ్యూటీ చార్టు వేసే అలవాటుతో నీ రోజులు లెక్కేశాను అమ్మా. ముందు పోయే రోజులు తీసెయ్. నిన్నటి ఎంగిలిపూలు పోయింది. వచ్చే సోమవారం సద్దులు, ఆ రోజు, ముందు రోజు మధ్యాహ్నం నుంచి పువ్వుల పనే. బుధవారం దసరా, జమ్మి, చుట్టాలు, గురువారం మిగిలిన చుట్టాలు. అంటే నాలుగైదు రోజులు లేనట్టే, వాటిని ఉన్నాయనుకుని ప్లాన్ వేస్తేనే మోసం. మిగతా రోజుల్లో సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది బతుకమ్మది, దాని జోలికి పోకు. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది దాకా నీది.

ఇంకోటి, శుక్రవారం అలిగిన బతుకమ్మ. ఆ రోజు పేర్చరు, ఆడరు. ఆ సాయంత్రం మొత్తం నీకు దొరికినట్టే, దాన్ని ఎవరికీ చెప్పకుండా పట్టుకో 😄

పరకాల_తంగేడు | సోమవారం మధ్యాహ్నం 1:33

అంకుల్!! అలిగిన రోజు గురించి నాకు తట్టనే లేదు. మా అమ్మకు ఇప్పుడే చెప్పిన, "చదువుకునేదానివి అంగడికి రాకు, ఇంట్లో ఉండు" అన్నది.

హన్మకొండ_డీటీపీ | సోమవారం రాత్రి 10:20

టైపింగ్ సెంటర్ మాది. ఆ పదకొండు మందిని రోజూ చూసేవాణ్ని నేనే, అందుకే ఆగలేక రాస్తున్నా.

రాసుడు అయిపోతే పని అయిపోయినట్టు అనుకుంటారు. చేతిరాత 18 పేజీలు తెస్తారు, మధ్యలో బాణం గుర్తులు, "ఇది వెనక పేజీలో ఉంది అన్నా" అంటారు. మా పిల్లవాడు ఎంత స్పీడుగా కొట్టినా నాలుగు గంటలు. తప్పులు చూసుకోవడానికి ఒక ప్రింటు, దిద్దడం, మళ్లీ ప్రింటు. గడువు ముందు రోజైతే తప్పులు చూసుకునే పనే ఎగ్గొడతారు. ఒకాయన వ్యాసంలో "ఆయకట్టు" అన్నచోటల్లా "ఆటకట్టు" అని పడింది, అట్లనే ఇచ్చేశాడు.

రెండో తంటా ఫాంటు. మా దగ్గర 'అను' అనే పాత డీటీపీ ఫాంట్లలో కొడతాం. మీ సార్లు మెయిల్‌లో యూనికోడ్ ఫైలు, అంటే ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగు కనబడేది, పంపమంటారు. కన్వర్టర్‌లో వేస్తే వత్తులు అటూఇటూ అయితాయి, మళ్లీ మొత్తం చదవాలి, దానికో పూట. అందుకని ముందే మీ డిపార్ట్‌మెంట్‌లో అడుగు, కాగితమా, ఫైలా, యూనికోడా అని. వీలైతే నువ్వే ఫోన్‌లో కొట్టుకో. తెలుగులో వాయిస్ టైపింగ్ ఉంది, ఇంట్లో అందరూ పడుకున్నాక చదువుతూ పో, మామూలు మాటలు బాగానే పడతాయి. శాసనాల పేర్లు, పాత మాటలు మటుకు చేత్తో దిద్దుకోవాలి. నా గిరాకీ పోతది గానీ చెప్తున్నా.

రాత్రిగువ్వ | సోమవారం రాత్రి 11:49

అన్నా ఆ ఆటకట్టు నాదే.

హన్మకొండ_డీటీపీ | సోమవారం రాత్రి 11:52

😂😂 తెలుసు తమ్మీ, పేరెందుకని రాయలే.

పరకాల_తంగేడు | శుక్రవారం రాత్రి 10:35

ఎక్కడిదాకా వచ్చిందో చెప్తా. మా ఇంట్లో క్యాలెండర్ వెనక తెల్ల కాగితం మీద గంటలు రాస్తున్నా, కూర్చున్న టైం, లేచిన టైం, ఏం చేశానో ఒక ముక్క. మొదటి రెండు రోజులు చూసుకుంటే సిగ్గేసింది. "5:40 నుంచి 7:50, చదువు" అని ఉంటుంది కానీ అందులో ఫోను, చాయ్, పక్కింటి పిన్ని తీసేస్తే గంటా పది నిమిషాలే.

అక్క చెప్పినట్టు పుస్తకం మూసి రాసిన రెండు పేజీల్లో 14 ఖాళీ గీతలు వచ్చాయి. చదవాల్సింది 14 సంగతులే అని తెలిసినాక భయం సగం పోయింది, ఇంతకుముందు అంతా చదవాలి అన్నట్టుండేది. తొమ్మిది నిండాయి. రామప్ప 17 పేజీలు పిన్ను కొట్టి పక్కకు పెట్టా, పారెయ్యబుద్ధి కాలేదు.

ఇవ్వాళ అలిగిన బతుకమ్మ. మూడు గంటలకు కూర్చుని తొమ్మిదింటికి లేచా, మధ్యలో అన్నానికి ఒక్కసారి. 1100 మాటలు. చేతికి ఇంకా గునుగు పువ్వుకు వేసిన గులాబీ రంగు ఉంది, కాగితాలన్నిటికీ అంటింది. పాకాల అన్నా, మీ తాతకు గింజలు ఇచ్చేదాన్ని ఏమనేవాళ్లు?

పాకాల_గాలి | శనివారం ఉదయం 6:10

మేర అంటరు చెల్లె. ఊర్లో వడ్ల కమ్మరి, చాకలి, అందరికీ కల్లం కాడ మేర ఇచ్చేది, నీరటికి కూడా అంతే.

సుబేదారి_అక్క | శనివారం ఉదయం 8:45

బాగుంది. అయితే తాత నాటి మేరను తీసుకపోయి కాకతీయుల దశబంధంతో అతికించకు, మధ్యలో ఏడు వందల ఏండ్లున్నాయి. ముగింపులో ఒక పేరాగా, ఇటీవలి కాలపు మాటగా పెట్టు. ఇంకోటి, మొదటి పేరా ఇప్పుడు రాయకు. మొదటి పేరా దగ్గరే పిల్లలు రెండు రోజులు పోగొట్టుకుంటారు, వ్యాసం అంతా అయ్యాక అరగంటలో వస్తుంది అది.

ఫుట్‌నోట్లు రాసినప్పుడే పెట్టుకుంటున్నావా? ఏ పుస్తకం, ఏ పేజీ? ఆఖర్లో పెడదామని వదిలేసినవాళ్లు ఒక్క పేజీ నంబరు కోసం లైబ్రరీకి రానుపోను ఒక పూట తిరుగుతారు, అదీ సెలవులైతే తాళం.

పరకాల_తంగేడు | శనివారం ఉదయం 9:02

సగం పెట్టా, సగం పెట్టలే 😐

రాత్రిగువ్వ | శనివారం ఉదయం 11:30

నేనూ ఒక మాట అంటా, ఊకె ఎదురు మాట్లాడడానికి కాదు. ఆఖరి రాత్రి వచ్చే ఊపు అబద్ధం కాదు. ఆ రాత్రి ఫోను చూడం, ముచ్చట్లు ఉండవు, అందుకే పని కదులుతుంది. అదే ఊపు కావాలంటే గడువును ముందుకు జరుపుకోవాలె, కానీ మనకు మనం పెట్టుకున్న గడువును మనమే లెక్కచేయం. నాకైతే ఇంకో మనిషికి మాట ఇస్తేనే పనిచేసింది. ఫలానా రోజు కాగితాలు నీ చేతిలో పెడతా అని మా సీనియర్‌కు చెప్పి, ఇయ్యకపోతే బిర్యానీ అన్నా. బిర్యానీ రెండుసార్లు పెట్టిన, మూడోసారి రాసిచ్చిన.

సుబేదారి_అక్క | శనివారం ఉదయం 11:41

తంగేడు, దసరా తెల్లారి గురువారం రాత్రికి డ్రాఫ్టు నాకు పంపు. మార్కులు వెయ్యను, ఎక్కడ పరుగెత్తిందో గీత గీసి పంపుతా. బిర్యానీ వద్దు, సద్దుల నాటి మలీద ముద్దలు పంపించు.

పరకాల_తంగేడు | దసరా తర్వాతి సోమవారం సాయంత్రం 5:18

ఇచ్చేసి వచ్చా. 2,940 మాటలు.

క్యాలెండర్ వెనక లెక్క: చదవడం 9 గంటలు, మొదటి రాత 8, అక్క గీతలు గీశాక తిరగరాయడం 6, ఫోన్‌లో టైపు 5, ఫుట్‌నోట్లు 3. మొత్తం 31. భీమారం అన్న చెప్పిన 27 కూడా దాటింది! సద్దుల రోజు, దసరా రోజు ఒక్క అక్షరం రాయలే, చూడను కూడా చూడలే.

అంతా సాఫీగా ఏం జరగలే. గురువారం రాత్రి అక్కకు పంపాల్సింది శుక్రవారం మధ్యాహ్నం పంపా, చుట్టాలు పోయేసరికి పదకొండయింది. రెండు ఫుట్‌నోట్లకు పేజీ నంబర్లు దొరకలేదు, ఆ పుస్తకం శనివారం లైబ్రరీ తెరిచాక చూసుకున్నా. ఆదివారం ప్రింటుకు పోతే పాకాల శాసనం పేరాలో ఒక వాక్యం రెండుసార్లు పడింది, అక్కడికక్కడే దిద్దించుకున్నా. పోయినసారి అయితే అది అట్లనే పోయేది.

హన్మకొండ_డీటీపీ | సోమవారం సాయంత్రం 6:02

ఆదివారం మా దగ్గరికే వచ్చినవా ఏంది? మధ్యాహ్నం ఒక పిల్ల వచ్చింది, కాగితాలకు గులాబీ రంగు.

పరకాల_తంగేడు | సోమవారం సాయంత్రం 6:05

అవునన్నా 😄 మీరు 2 రూపాయలు చిల్లర ఇయ్యలే.

రాత్రిగువ్వ | సోమవారం రాత్రి 11:57

చెల్లె, ఆ క్యాలెండర్ వెనక కాగితం ఫోటో పెట్టు. నాది బీఎడ్ రికార్డు ఉంది, గురువారం ఇయ్యాలె.

కాజీపేట_జంక్షన్ | మంగళవారం ఉదయం 5:31

ఏ గురువారం తమ్మీ?

రాత్రిగువ్వ | మంగళవారం ఉదయం 10:44

ఎల్లుండే.